లాంగ్‌టాంగ్ లోయ టీహౌస్ ట్రెక్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేపాల్‌లో ట్రెక్ అనగానే మనవాళ్లు ఎవరెస్ట్ బేస్ క్యాంప్ గురించే అడుగుతారు. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను మాత్రం లాంగ్‌టాంగే చెప్తాను. ఖాట్మండుకి ఉత్తరాన, టిబెట్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న లోయ ఇది. ఎవరెస్ట్ దారిలోలా లుక్లా ఊరికి విమానం ఎగురుతుందా లేదా అని ఎదురుచూసే పని లేదు, బస్సు దిగి నడక మొదలుపెట్టొచ్చు. జనం తక్కువ, అడవి ఎక్కువ, కొండలు చాలా దగ్గరగా కనిపిస్తాయి. దీని గురించి అడిగేవాళ్లందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ధరలు ఏటా మారుతుంటాయి, ఇక్కడ రాసినవి అంచనా కోసమే.

టీహౌస్ అంటే టీ కొట్టా?

కాదు, ఊళ్లోవాళ్లు నడిపే బస. ఒక కుటుంబం అందులోనే ఉంటూ దారిన పోయేవాళ్లకి గది ఇచ్చి వండి పెడుతుంది. భోజనాల గది మధ్యలో ఇనప పొయ్యి, దాని చుట్టూ బల్లలు, పైనో వెనకో చెక్క గదులు, గదికి రెండు మంచాలు, పరుపు, దిండు, బరువైన బొంత. గోడలు పలుచటి చెక్కలే కాబట్టి పక్కగదిలో దగ్గినా వినిపిస్తుంది. టెంటు, వంట సామాను మోసుకెళ్లక్కర్లేదు. అందుకే ఈ పద్ధతి ఇంత మందికి అందుబాటులో ఉంది.

ఒక మర్యాద మాత్రం తప్పకుండా పాటించాలి: ఎక్కడ పడుకుంటారో రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అక్కడే తినాలి. గదికి వాళ్లు తీసుకునేది చాలా తక్కువ, ఇల్లు గడిచేది భోజనం మీదే. అద్దె బేరమాడి వంద తగ్గించుకుని, తిండి పక్క లాడ్జిలో తినడం పెద్ద అన్యాయం.

మొత్తం ఎన్ని రోజులు పడుతుంది? దారి ఎలా ఉంటుంది?

ఖాట్మండు నుంచి ఖాట్మండుకి ఎనిమిది రోజులు పెట్టుకోండి, తొమ్మిదైతే ఇంకా మంచిది. మొదటి రోజంతా ప్రయాణంలోనే పోతుంది, స్యాబ్రుబేసి చేరతారు, సుమారు 1,500 మీటర్ల ఎత్తు. నడక మొదలయ్యేది ఇక్కడి నుంచి. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తైన కొండల్లో ఒకటైన అరమకొండ 1,680 మీటర్లు అనుకుంటే, మనకి శిఖరం అనిపించే ఎత్తు దగ్గర్లోనే ఇక్కడ మెట్టు మొదలవుతుందన్నమాట.

రెండో రోజు లాంగ్‌టాంగ్ ఖోలా నది వెంబడి అడవిలో ఆరేడు గంటల ఎక్కుడు, లామా హోటల్ దగ్గర బస. లామా హోటల్ అంటే ఒక హోటల్ కాదు, నాలుగైదు లాడ్జిలున్న చోటు, ఎత్తు సుమారు 2,400 మీటర్లు. మూడో రోజు ఘోడాతబేలా మీదుగా లాంగ్‌టాంగ్ ఊరు, 3,430 మీటర్లు. నాలుగో రోజు మూడు గంటల తేలిక నడకతో క్యాంజిన్ గోంపా (గోంపా అంటే బౌద్ధ మఠం), సుమారు 3,870 మీటర్లు. ఐదో రోజు అక్కడే ఉండి పైన కొండ ఎక్కాలి. తర్వాత రెండు రోజుల్లో దిగిపోయి, ఇంకో రోజు ఖాట్మండుకి బస్సు.

ఐదో రోజుని కత్తిరించి ఏడు రోజుల్లో ముగించేద్దాం అని చాలామంది ప్లాన్ వేస్తారు. ఆఫీసులో సెలవులు దొరకవు, అర్థమవుతుంది. కానీ అంత దూరం వెళ్లి క్యాంజిన్‌లో ఒక్క రాత్రి మాత్రం పడుకుని వెనక్కి తిరిగితే ఈ ట్రెక్‌లో సగం చూడనట్టే. సెలవు చాలకపోతే ఖాట్మండులో తిరిగే రోజు తగ్గించుకోండి, క్యాంజిన్‌లో తగ్గించొద్దు.

నాకు ట్రెక్కింగ్ అలవాటే లేదు. నడవగలనా?

రోజూ నడిచే అలవాటుంటే నడవగలరు. ఇక్కడ తాళ్లు కట్టుకుని ఎక్కేది ఏమీ లేదు, దారి స్పష్టంగా ఉంటుంది. కష్టం ఎక్కడంటే, రాళ్ల మెట్లు ఎక్కుతూ దిగుతూ ఐదారు గంటలు పోవాలి, మర్నాడు లేచి మళ్లీ అదే పని. రెండు మూడు నెలల ముందు నుంచి మెట్లు ఎక్కండి. తిరుపతి దగ్గర్లో ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి సాధన లేదు: అలిపిరి దారిలో 3,550 మెట్లు, వీపున ఐదారు కిలోల బ్యాగు పెట్టుకుని ఎక్కి, నడిచే దిగండి కూడా. మోకాళ్లకి అసలు పరీక్ష దిగేటప్పుడే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మానేసినా చాలు. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద చదునుగా పరిగెత్తినందువల్ల ఇక్కడ పెద్దగా ఉపయోగం ఉండదు.

ట్రెక్కింగ్ కర్రలు ఖాట్మండులోని ఠమేల్‌లో కొనొచ్చు, అద్దెకీ దొరుకుతాయి. అవి ముసలివాళ్లకి అనుకుని వద్దనేవాళ్లే దిగేటప్పుడు అడిగి తీసుకుంటారు.

ఎత్తు పడకపోతే? ఊపిరి ఆడకపోతే?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి శరీరానికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. శరీరం దానికి సర్దుకోగలదు, కాకపోతే టైం కావాలి. వయసుకీ బలానికీ దీంతో సంబంధం లేదు, మారథాన్ పరిగెత్తే కుర్రాడికి రావచ్చు, వాళ్ల అమ్మకి రాకపోవచ్చు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకుండా చూసుకోవాలన్నది డాక్టర్లు చెప్పే లెక్క. ఈ దారిలో లామా హోటల్ నుంచి లాంగ్‌టాంగ్ ఊరికి ఒక్కరోజులో వెయ్యి మీటర్లు పెరుగుతుంది, కాబట్టి అసలు జాగ్రత్త పడాల్సింది ఆ రోజే. ఎవరికైనా అనుమానంగా ఉంటే మధ్యలో 3,000 మీటర్ల దగ్గర ఘోడాతబేలాలో ఒక రాత్రి ఆగిపోండి.

తలనొప్పి, వికారం, తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇవి మొదటి లక్షణాలు. తలనొప్పితో పాటు వీటిలో ఏదైనా ఉంటే ఇంక పైకి ఎక్కొద్దు. ఉన్నచోటే ఉండి నీళ్లు తాగి విశ్రాంతి తీసుకోండి, తగ్గితే మర్నాడు చూద్దాం. తగ్గకపోతే దిగాలి. నడుస్తుంటే తూలడం, మాట తడబడడం, కూర్చున్నా ఆయాసం, నురగ దగ్గు ఉంటే అది ప్రాణం మీదకొచ్చే సంగతి, అర్ధరాత్రైనా సరే అప్పటికప్పుడు కిందికి దించేయాలి. దిగడానికి మించిన మందు లేదు.

ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్రల గురించి బయల్దేరే ముందే మీ డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. మద్యం, సిగరెట్, నిద్ర మాత్రలు పైన వద్దు. లక్షణాలు దాచిపెట్టడం మనవాళ్లకి అలవాటు, గ్రూపులో అందరూ నా వల్ల ఆగిపోతారేమో అని మొహమాటం. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు. పొద్దున లేవగానే ఒకరినొకరు తల నొప్పిగా ఉందా అని నేరుగా అడగండి.

2015 భూకంపంలో ఈ ఊరే పోయిందట కదా?

అవును. 2015 ఏప్రిల్ 25న మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. పైన లాంగ్‌టాంగ్ లిరుంగ్ శిఖరం వైపు నుంచి మంచు, రాళ్లు ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. నిమిషాల్లో లాంగ్‌టాంగ్ ఊరు దాని కింద పూడిపోయింది. ఊరివాళ్లు, ట్రెక్కింగ్‌కి వచ్చినవాళ్లు, గైడ్లు, వందల మంది చనిపోయారు. ఒక పెద్ద కొండరాయి నీడన కట్టిన ఒక్క ఇల్లు మాత్రం నిలిచింది. ఇప్పుడు మీరు నడిచే దారి ఆ రాళ్ల గుట్ట మీదుగానే వెళ్తుంది. చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన స్మారకం పక్కనే ఉంటుంది, ప్రార్థన జెండాలు కట్టి ఉంటాయి.

దాన్ని దాటేటప్పుడు సెల్ఫీలు తీసుకోకండి, పాటలు ఆపండి. మీరు ఆ రాత్రి బస చేసే ఇంటివాళ్ల సొంతవాళ్లు కూడా ఆ రాళ్ల కింద ఉండి ఉండవచ్చు. వాళ్లు చెప్తే వినండి, మీరుగా గుచ్చి గుచ్చి అడగొద్దు. ఊరిని మళ్లీ కట్టుకున్నారు, కొత్త లాడ్జిలు లేచాయి, ట్రెక్కర్లు రావాలనే వాళ్ల కోరిక. చాలామంది భోజనం చేసి నేరుగా క్యాంజిన్‌కి వెళ్లిపోతారు. మీరు మాత్రం ఆ ఊళ్లో ఒక రాత్రి ఉండండి. ఎత్తుకి అలవాటు పడడానికీ మంచిది, మీరిచ్చే డబ్బు ఆ ఊరికే చెందుతుంది.

అడవిలో ఏముంటుంది? జంతువులు కనిపిస్తాయా?

మొదటి ఒకటిన్నర రోజు దాదాపు అంతా అడవే. కింద వెదురు పొదలు, ఓక్ చెట్లు, పైకి పోయేకొద్దీ హెమ్‌లాక్, ఫర్ లాంటి సూదాకుల చెట్లు, కొమ్మల నిండా వేలాడే నాచు. కుడివైపో ఎడమవైపో నది హోరు ఆగదు, పక్కనున్న మనిషితో గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. ఇదంతా 1976లో ఏర్పడిన లాంగ్‌టాంగ్ నేషనల్ పార్క్ పరిధి. మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా లాలీగురాన్స్ పూస్తుంది, ఎర్రటి పూలు దారి మీద రాలి ఉంటాయి, నేపాల్ జాతీయ పుష్పం అదే.

కొండముచ్చులు తప్పకుండా కనిపిస్తాయి. నదికి అవతలి ఒడ్డున నిటారు బండలకి పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి, తల ఎత్తి వెతకండి. రెడ్ పాండా ఈ అడవుల్లో ఉంది గానీ కనిపించడం చాలా అరుదు. ఘోడాతబేలా దగ్గరికి రాగానే చెట్లు పలచబడి లోయ ఒక్కసారిగా వెడల్పవుతుంది, తెల్లటి కొండలు ఎదురుగా వచ్చేస్తాయి.

దారిలో సామాను మోసే కంచరగాడిదలు గుంపుగా ఎదురొస్తాయి. మెడలో గంటల చప్పుడు వినగానే కొండ వైపుకి జరిగి నిలబడండి. లోయ వైపు నిలబడితే వాటి మూటలు తగిలి కిందికి పోతారు. ఈ ముక్క పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

తిండి సంగతి ఏంటి? మన భోజనం దొరుకుతుందా?

అన్నం దొరుకుతుంది, ఇంకేం కావాలి! దాల్‌భాత్ అంటే అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, ఆకుకూర, కొంచెం పచ్చడి, ఉంటే అప్పడం. అడిగితే అన్నం, పప్పు మళ్లీ వడ్డిస్తారు, దానికి వేరే డబ్బు లేదు. పచ్చడిలో తిమూర్ వేస్తారు, మిరియంలా ఉండి నాలుక మీద కాస్త తిమ్మిరెక్కిస్తుంది, చలిలో చాలా బావుంటుంది. క్యాంజిన్ ఎత్తులో నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు, కాబట్టి భోజనం చెప్పాక గంట పడుతుంది. వచ్చీ రాగానే చెప్పేయండి. నలుగురూ నాలుగు రకాలు చెప్పకుండా ఒకటే చెప్తే వంటింట్లో వాళ్లకి కట్టెలూ గ్యాసూ మిగులుతాయి.

ఇవి కాక నూడుల్స్, వెల్లుల్లి సూపు, టిబెటన్ రొట్టె, గుడ్లు, మోమోలు ఉంటాయి. మాంసం కింది నుంచి మోసుకొచ్చేది, ఫ్రిజ్ ఉండదు, ఆ వారం రోజులు మానేయండి. పెరుగు మాత్రం అన్ని చోట్లా దొరకదు, పెరుగన్నం లేనిదే భోజనం ముగియనివాళ్లకి అదొక్కటే లోటు. చిన్న సీసాలో ఆవకాయ, ఒక పొట్లం కందిపొడి తీసుకెళ్లండి. ఇంటివాళ్లకీ కాస్త పెట్టండి, ఇష్టంగా తింటారు.

క్యాంజిన్‌లో రెండు రుచి చూడాలి. ఒకటి అక్కడి చీజ్, 1950లలో స్విస్ సాయంతో మొదలైన చీజ్ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. రెండోది సీబక్‌థార్న్ అనే పళ్ల రసం, నారింజ రంగులో పుల్లగా ఉంటుంది, వేడి వేడిగా ఇస్తారు.

ఎప్పుడు వెళ్లాలి?

అక్టోబర్, నవంబర్ అయితే ఆకాశం శుభ్రంగా ఉంటుంది. మార్చి నుంచి మే మొదటి వారాల దాకా పూలు ఉంటాయి, మధ్యాహ్నం మబ్బులు కమ్ముతాయి. నేనైతే ఏప్రిల్ అంటాను. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలి బాగా ఎక్కువ, పైన మంచు పడితే కొన్ని లాడ్జిలు మూసేస్తారు. జూన్ నుంచి సెప్టెంబర్ వద్దు. అడవిలో జలగలు సరే, అసలు భయం రోడ్డు మీద కొండచరియలు. 2025 జులైలో రసువాగఢీ దగ్గర వచ్చిన వరదకి నేపాల్, చైనాల మధ్య మైత్రీ వంతెనే కొట్టుకుపోయింది, అది స్యాబ్రుబేసికి కాస్త పైనే.

పాస్‌పోర్ట్ కావాలా? ఆధార్ సరిపోదా?

భారతీయులకి వీసా అక్కర్లేదు. కానీ పాస్‌పోర్ట్ గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటర్ కార్డు గానీ ఉండాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకి, అరవై ఐదు దాటినవాళ్లకి మాత్రమే వేరే గుర్తింపు కార్డులతో వెసులుబాటు ఉంది. మిగతావాళ్లు ఆధార్ నమ్ముకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే వెనక్కి రావాల్సిందే. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఓసీఐ ఉన్నా నేపాల్ వీసా కావాలి.

పర్మిట్లు, గైడ్?

నేషనల్ పార్క్ ప్రవేశ రుసుము మనతో సహా సార్క్ దేశాలవాళ్లకి 1,500 నేపాలీ రూపాయలు, పన్ను అదనం. మిగతా విదేశీయులకి 3,000. దాంతో పాటు టిమ్స్ కార్డు, అంటే ట్రెక్కర్ల వివరాలు నమోదు చేసే కార్డు. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు రిజిస్టరైన ఏజెన్సీ ద్వారా గైడ్‌ని పెట్టుకోవాలని నియమం వచ్చింది. నియమం ఉన్నా లేకపోయినా మొదటిసారి వెళ్లేవాళ్లు గైడ్‌ని పెట్టుకోండి. జ్వరం వస్తే లాడ్జివాళ్లతో మాట్లాడేది, హెలికాప్టర్ పిలిపించేది, రద్దీ రోజుల్లో గది దొరికించేది ఆయనే. వీలైతే ఆ లోయకి చెందిన తమాంగ్ తెగ గైడ్ కావాలని అడగండి, ప్రతి ఇంట్లో చుట్టాలుంటారు, దారంతా కబుర్లే.

పోర్టర్‌ని పెట్టుకుంటే ఇద్దరికి కలిపి ఒకరు చాలు, మొత్తం బరువు 20 కిలోలు దాటనివ్వొద్దు. ఆయనకి మంచి బూట్లు, చలి కోటు ఉన్నాయో లేదో బయల్దేరే రోజే చూడండి. ఇన్సూరెన్స్ చేయించారా అని ఏజెన్సీని అడగండి. మన బరువు మోసే మనిషి చలికి వణుకుతుంటే మనం కొండలు చూసి ఆనందించలేం.

అక్కడికి ఎలా చేరాలి?

ఖాట్మండులో మాచ్ఛపోఖరి నుంచి పొద్దున్నే బస్సులు, షేర్ జీపులు స్యాబ్రుబేసికి బయల్దేరతాయి. దూరం 120 కిలోమీటర్లే అయినా ఏడెనిమిది గంటలు పడుతుంది, రోడ్డు బాగాలేకపోతే ఇంకా ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్లు మాత్ర వేసుకుని ముందు సీట్లో కూర్చోండి. ధున్చే దగ్గర పర్మిట్లు చూస్తారు, సంచులు వెతుకుతారు, డ్రోన్ ఉంటే అనుమతి పత్రం అడుగుతారు.

తెలుగు రాష్ట్రాల నుంచి ఖాట్మండుకి ఢిల్లీ మీదుగా విమానం తేలిక దారి. రైలు కావాలంటే విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే రాప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, సునౌలీ సరిహద్దు దాటి బస్సు పట్టుకోవచ్చు. ఓపిక ఉంటే బావుంటుంది, కానీ రానూ పోనూ నాలుగైదు రోజులు దానికే పోతాయి.

ఖర్చు ఎంత? ఫోన్‌పే పనిచేస్తుందా?

వంద భారత రూపాయలకి 160 నేపాలీ రూపాయలు, ఇది స్థిరమైన లెక్క. గదికి 500 నుంచి వెయ్యి, దాల్‌భాత్ ఆరేడు వందల నుంచి పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. తిండి, బస, టీలు కలిపి రోజుకి మూడు వేల నేపాలీ రూపాయలు అనుకుంటే ఇబ్బంది ఉండదు. గైడ్‌కి, పోర్టర్‌కి విడిగా. ఖాట్మండు దుకాణాల్లో క్యూఆర్ స్కాన్ చేసి కట్టడం ఇప్పుడు చాలాచోట్ల కుదురుతోంది గానీ కొండ మీద నోట్లే. నడక మొదలయ్యాక ఏటీఎం ఉండదు. కావాల్సిన దానికి రెండు రోజుల ఖర్చు ఎక్కువే పెట్టుకోండి.

పైన టీ ధర చూసి ఇంత దోపిడీ ఏంటి అనకండి. ఆ చక్కెర, ఆ గ్యాస్ సిలిండర్ ఎవరో ఒకరు వీపు మీదో గాడిద మీదో రెండు మూడు రోజులు మోసుకొచ్చినవి.

స్నానం, టాయిలెట్, చార్జింగ్?

వేడినీళ్లకి డబ్బు విడిగా ఇవ్వాలి. పైన జలుబు చేస్తే తగ్గడం కష్టం, క్యాంజిన్‌లో తలస్నానం చేయకండి. టాయిలెట్లు ఎక్కువగా నేల మీదవే, తెల్లవారుజామున చెంబులో నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. చార్జింగ్‌కీ వైఫైకీ డబ్బులు తీసుకుంటారు. సిమ్ నేపాల్ టెలికాం తీసుకోండి. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది, రాత్రి ఫోన్, పవర్‌బ్యాంక్ బొంతలో పెట్టుకుని పడుకోండి.

సాయంత్రాలు మాత్రం గదిలో కూర్చోకండి. నాలుగు దాటగానే అందరూ పొయ్యి చుట్టూ చేరతారు. ఆ ఇంటి దీదీ ఎండిన జడలబర్రె పిడకలు విరిచి పొయ్యిలో పెడుతుంది, పైన తీగ మీద అందరి మేజోళ్లూ ఆరుతుంటాయి, ఒక మూల పోర్టర్లు పేకాడుతుంటారు. మన ఫోన్ ఆఫ్ అయిపోయినా ఏమీ పోయినట్టు ఉండదు.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

అప్పటికే నెల రోజులు వేసి నడిచిన బూట్లు. ఇది అన్నిటికన్నా ముందు, కొత్త బూట్లతో వచ్చినవాళ్లకి మొదటి రోజే బొబ్బలు. తర్వాత డౌన్ జాకెట్, థర్మల్స్, వాన కోటు, టోపీ, చేతి తొడుగులు, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, తలకి కట్టుకునే టార్చి, స్లీపింగ్ బ్యాగ్, నీళ్ల సీసాలు రెండు, నీళ్లు శుద్ధి చేసే మాత్రలు, ఓఆర్‌ఎస్, మీ మందులు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ ఠమేల్‌లో అద్దెకి దొరుకుతాయి, ఒక్క ట్రెక్ కోసం వేలు పోసి కొనక్కర్లేదు. ప్లాస్టిక్ సీసా నీళ్లు కొనొద్దు, ఆ సీసాలు ఆ లోయలోనే మిగిలిపోతాయి.

క్యాంజిన్‌లో ఏ కొండ ఎక్కాలి?

రెండున్నాయి. క్యాంజిన్ రీ 4,773 మీటర్లు, ఊరి వెనకే లేస్తుంది. త్సెర్కో రీ దాదాపు 5,000, రానూ పోనూ ఏడెనిమిది గంటలు. ఆరోగ్యం బావుంటేనే రెండోది. తెల్లవారక ముందే బయల్దేరాలి, పది దాటితే గాలి, మబ్బు. క్యాంజిన్ రీ మధ్యలో జెండాలు కట్టిన ఒక చిన్న మెట్ట వస్తుంది, ఓపిక లేనివాళ్లు అక్కడే ఆగినా చాలు. ఎదురుగా 7,234 మీటర్ల లాంగ్‌టాంగ్ లిరుంగ్, దాని హిమనది పగుళ్లు సహా కనిపిస్తాయి.

ఊళ్లలో ఎలా మసలుకోవాలి?

దారిలో మంత్రాలు చెక్కిన రాళ్లతో పొడవాటి మణి గోడలు వస్తాయి. గోడ మీ కుడిచేతి వైపు ఉండేలా ఎడమ పక్క నుంచి నడవండి. రాళ్ల మీద కూర్చోవద్దు, బ్యాగు పెట్టొద్దు. గోంపాలోకి చెప్పులతో వెళ్లొద్దు. ఫొటోకి ముందు అడగండి. పొయ్యిలో చెత్త, టిష్యూలు వేయకండి, వాళ్లకి అది పవిత్రం. పిల్లలకి చాక్లెట్లు పంచకండి.

ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు, పెద్దవాళ్లు?

అమ్మాయిలు చాలామంది వెళ్తున్నారు, లాడ్జిలు నడిపేది ఎక్కువగా ఆడవాళ్లే. మహిళా గైడ్ కావాలంటే ఏజెన్సీని ముందే అడగండి. ప్యాడ్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, వాడినవి సంచిలో కట్టి వెనక్కి తెచ్చుకోండి. అమ్మానాన్నలని తీసుకెళ్లాలంటే గుండె, బీపీ, షుగర్ చూపించి డాక్టర్ సరేనంటేనే, అదీ రెండు రోజులు అదనంగా పెట్టుకుని.

ఇన్సూరెన్స్ అవసరమా?

తప్పనిసరి. పాలసీలో 5,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ రెస్క్యూ అని స్పష్టంగా రాసి ఉండాలి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఇది ఉండదు, కట్టేముందు చదవండి.

గోసాయికుండం కూడా కలుపుకోవచ్చా?

ఇంకో నాలుగు రోజులుంటే కలుపుకోండి. దిగేటప్పుడు స్యాబ్రుబేసికి పోకుండా ఠూలో స్యాబ్రు వైపు తిరిగి, 4,380 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ సరస్సుకి ఎక్కుతారు. శివుడి సరస్సని భక్తి, శ్రావణ పౌర్ణమికి వేల మంది స్నానానికి వస్తారు. అప్పటికే క్యాంజిన్ ఎత్తుకి అలవాటు పడి ఉంటారు కాబట్టి ముందు లాంగ్‌టాంగ్, తర్వాత గోసాయికుండం, ఈ వరస మార్చకండి. చలికాలంలో, వానాకాలంలో ఆ దారి గురించి గైడ్ ఏం చెప్తే అదే.